నిలబడ్డ బండి చప్పుడు

బుడమేరు పొంగి కొల్లేరులో కలిసి, కొల్లేరు మా ఊళ్ళ మీదికి నడిచొచ్చిన ఏడాది ఇది జరిగింది. మా వైపు ఇప్పటికీ పెళ్ళి ఎప్పుడయిందన్నా, గేదెని ఎప్పుడు కొన్నారన్నా ఆ వరదకి ముందా వెనకా అనే చెప్పుకుంటాం. ఇది వెనక. నీళ్ళు తీసేశాయి. గోడల మీద బురద గీత ఇంకా ఉంది.

కిందటి వారం అర్షద్ పెట్రోలు బంకులోంచి నేను ఏమీ అనకుండా వచ్చేసిన దగ్గర ఆపాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు సంగతి కాస్త చెబుతాను.

వరద వస్తోందంటే మా వాళ్ళు ముందు గొడ్లని మెట్టకి తోలేస్తారు. తరవాత బళ్ళు. మనుషులు ఆఖర్న కదులుతారు. నా ఎస్టీమ్ కారుని కూడా అలాగే, వాన పట్టుకున్న మొదటి రోజునే మా బావమరిది నిత్యానందం జంగారెడ్డిగూడెం తీసుకుపోయాడు. అక్కడ వాళ్ళ మామగారి ఇల్లుంది. నీళ్ళు తీశాక తెచ్చి నా వాకిట్లో పెట్టాడు. చుక్క నీరు తగలనివ్వలేదు బావగారూ అన్నాడు. ఆ రోజు నుంచీ బండి స్టార్ట్ చేసి నిలబెడితే లోపల ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టు టక్, టక్ అని చప్పుడు.

తాడేపల్లిగూడెంలో ఒక మెకానిక్కుకి చూపించాను. అతను బానెట్ కూడా ఎత్తకుండా, పెట్రోల్లో వరద కిరసనాయిలు కలిసిందండీ అన్నాడు. ఆ రోజుల్లో ఏ బండి దగ్గినా అందరిదీ అదే మాట. మునిగినవాళ్ళకి పంచమని వచ్చిన కిరసనాయిలు మా ఊరి పేటకి సగమే చేరింది. మిగతా సగం ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. తెలియదు కనక అందరూ ఒకటే అనుకున్నారు. అడ్డరోడ్డు దగ్గర బంకు టాంకులోకి పోయిందని. ఆ బంకు చూసుకునేవాడు అర్షద్. నేను టీ కొట్టు దగ్గర, నా బండికీ అదే జబ్బంట అన్నాను. అంతే అన్నాను. నేను ఎక్కువ మాట్లాడను. అందుకని నేను మాట్లాడితే నిజమేనని జనం నమ్ముతారు. మర్నాటికి బంకు అద్దాలు పగిలాయి.

అర్షద్ నా చేతికి తెల్లటి ఫిల్టర్ కాగితం ఇచ్చి, పైపులోంచి నా చేతే చుక్క వేయించాడు. కిరసనాయిలు ఉంటే ఆరాక నూనె మరక మిగులుతుందన్నాడు. మిగల్లేదు. ఇవాళ్టి పెట్రోలు సరే, ఆ వారం పోసిన పెట్రోలు మాటేమిటి అని నా మనసులో. అక్కడే కిందటి వారం ఆపింది.

ఇంకొకటి గుర్తుండాలి. వరద మీదున్న రాత్రి ఎవరో చేపల చెరువులు దక్కించుకోడానికి డ్రెయిను గట్టుకి గండి కొట్టారు. ఆ నీళ్ళు పేట మీద పడ్డాయి. అక్కడుండే యోసేపు తల్లి కూలిన గోడ కింద పోయింది. గట్టు మీద కారు లైట్లు చూశానని యోసేపు పోలీసులకి చెప్పాడు. కార్లన్నీ మెట్టకి పోయాయి కదా, గట్టు మీదికి కారు ఎక్కడినుంచి వచ్చిందయ్యా అని వాళ్ళు నవ్వారు. ఆ గట్టు అవతల చాలామందికి చెరువులున్నాయి. నిత్యానందానికీ ఉంది. అందులో నా కొడుకు చరణ్‌తేజ పొత్తు.

నేను బంకులోంచి వచ్చేసిన రోజే, మర్నాడు పొద్దున్న పౌర సరఫరాల ఆఫీసరు అక్కడికి వస్తాడని కబురు. పేటవాళ్ళ తరఫున ముందు నిలబడి చెప్పాల్సింది నేను. బండి నాది కాబట్టి. నేను ఊ అంటే అర్షద్‌ని జీపు ఎక్కిస్తారు.

ఆ మధ్యాహ్నం నేను బండి తీసుకుని ఏలూరులో సైఫుల్లా షెడ్డుకి వెళ్ళాను.

సైఫుల్లా అర్షద్ తండ్రి. నా ట్రాక్టరు దగ్గరనుంచి నా బళ్ళన్నీ అతని చేతిలోనే బతికాయి. అయినా ఈ చప్పుడు మొదలయ్యాక అతని దగ్గరికి పోలేదు. కొడుకు మీద నేరం ఉన్నప్పుడు తండ్రి చేతికి బండి ఇస్తే, ఏం విప్పి ఏం బిగిస్తాడో ఎవరు చూడొచ్చారు?

నన్ను చూసి అతను స్టూలు మీదనుంచి లేవలేదు.

"తాడేపల్లిగూడెంలో బాగుకాలేదాండీ?" అన్నాడు.

బాగుకి రాలేదు, వినడానికి వచ్చానన్నాను.

"మీరు మాట్లాడటానికి వస్తే భయపడాలి గానీ, వినడానికైతే రండి" అన్నాడు. అర్షద్ లోపల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. బంకుకి తాళం వేసేశారు. నాకు నమస్కారం పెట్టాడు. మొహం మాత్రం గోడ వైపే ఉంది.

నేను ముందే షరతు చెప్పాను. నా బండి మీద నువ్వు చెయ్యి వెయ్యకూడదు, ఏం చెయ్యాలో చెప్పు, నేనే చేస్తాను అని. సైఫుల్లా గుడ్డతో చేతులు తుడుచుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఆ సాయంత్రం దాకా అలాగే ఉన్నాడు. స్కూల్లో తప్పు చేసిన పిల్లాడిలా ఉన్నాడు. నేనే అలా నిలబెట్టాను.

స్టార్ట్ చేశాను. టక్, టక్.

అర్షద్ లేచి వచ్చాడు. ఈ మధ్య ఏ పెట్రోలు పోయిస్తున్నారు బాబాయ్ గారూ అని అడిగాడు. అతని బంకు మానేసి ఏలూరులో ఖరీదైన రకం పోయిస్తున్నానని చెప్పాను. అది అన్నప్పుడు నాకే కొంచెం సిగ్గేసింది.

"మా బంకులో మీరు పోయించుకున్న మామూలుది ఎనభై ఎనిమిది ఆక్టేనండి. మీరు పోయించేది తొంభై ఒకటి" అన్నాడు. "ఆ నెంబరు పెట్రోలు బలం కాదు, ఓపిక. లోపల పిస్టన్ నొక్కుతూ ఉంటుంది. నిప్పురవ్వ పడేదాకా అంటుకోకుండా ఓపిక పట్టాలి. కిరసనాయిలు కలిస్తే ఆ ఓపిక పోతుంది. ముందే అంటుకుని ఇంజను కొట్టుకుంటుంది. మీ బండికి మామూలుది చాలునని కంపెనీ వాళ్ళే రాశారు. ఓపిక ఎక్కువున్నది పోస్తే చెడిపోయేదేం లేదు, ఒరిగేదీ లేదు. కిరసనాయిలు జబ్బే అయితే మాత్రం తొంభై ఒకటి పోశాక చప్పుడు తగ్గాలి కదండీ. తగ్గిందా?"

తగ్గలేదు. కానీ చదువుకున్న కుర్రాడు తన మీదికి వచ్చినప్పుడు చక్కగానే చెబుతాడు. నేను మూడో తరగతిలో బడి మానినవాణ్ణి. నాకు అర్థమయిందా లేదా అన్నది కాదు. అర్థమయ్యేలా ఎందుకు చెబుతున్నాడా అని చూస్తున్నాను.

సైఫుల్లా అది గ్రహించినట్టున్నాడు. కొడుకుని లోపలికి పొమ్మన్నాడు. నా చేతనే పాత గేరుబాక్సులు రెండు వెనక సీట్లోకి ఎక్కించాడు. పెట్రోలు జబ్బు నిలబడ్డప్పుడు కాదు, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు బయటపడుతుంది, పదండి అన్నాడు.

కామవరపుకోట రోడ్డు పట్టుకున్నాం. పెదవేగి దాటాక పామాయిలు తోటల మధ్య నేల మెల్లగా పైకి లేస్తుంది. టాప్ గేరులోనే ఉంచి, బండి ఈడవలేక ఈడుస్తుంటే తొక్కమన్నాడు. తొక్కాను. ఓపిక లేని పెట్రోలైతే రేకు డబ్బాలో శనగలు వేసి ఆడించినట్టు వినపడుతుందన్నాడు. బండి మూలిగింది. శనగలు మోగలేదు. అడుగున ఆ టక్ టక్ మాత్రం ఉంది.

"ఇప్పుడు టాంకులో ఉన్నది ఖరీదైనది. శనగలు ఎలా మోగుతాయి?" అన్నాను.

"మోగవండి. మరి ఖరీదైనది పోసినా టక్ టక్ పోలేదు కదా. అంటే అది వేరే జబ్బు."

అదీ నిజమే. అయినా మాటలతో నన్ను ఒక చోటికి తోలుకుపోతున్నాడని అనిపించింది. గొడ్డుకి దారి రెండు వైపులా కర్రలు అడ్డం పెట్టి దొడ్లోకి మళ్ళించినట్టు. వెనక్కి తిప్పేశాను.

షెడ్డులో బండి స్టార్టులోనే ఉంచి బానెట్ ఎత్తమన్నాడు. రబ్బరు పిడి ఉన్న పట్టకారు నా చేతికి ఇమ్మని అర్షద్‌తో చెప్పాడు. ఇంజను మీద ప్లగ్గులకి పోయే వైర్లు నాలుగు, ఒక్కో పిస్టన్‌కి ఒకటి. ఒక్కొక్కటే పీకి, విని, మళ్ళీ పెట్టండి అన్నాడు.

మొదటిది పీకాను. బండి కుంటింది. చప్పుడు అలాగే ఉంది. పెట్టేశాను. రెండోది పీకాను. కుంటింది. చప్పుడు అలాగే ఉంది. మూడోది పీకాను.

చప్పుడు మెత్తబడిపోయింది. సుత్తికి ఎవరో గుడ్డ చుట్టినట్టు.

నాలుగోది పీకితే మళ్ళీ మామూలే. మూడోది మళ్ళీ పీకాను. మళ్ళీ మెత్తబడింది. ఇంకోసారి పీకాను. ఇందులో సైఫుల్లా చెయ్యి లేదు. అతని చేతులు వెనకే ఉన్నాయి.

"నలుగురూ తాగేది ఒకే బిందెలో నీళ్ళండి" అన్నాడు సైఫుల్లా. "నలుగురికీ కడుపునొప్పి వస్తే బిందెని తిట్టొచ్చు. ఒక్కడికే వస్తే బిందెదా తప్పు?"

పట్టకారు కింద పెట్టేశాను. వెనక అర్షద్ ఊపిరి వదలడం వినపడింది. పగిలిన బంకు అద్దాలు, ఆ కుర్రాడి మీద పేటవాళ్ళు ఉమ్మిన ఉమ్ములు, అన్నీ నేను టీ తాగుతూ అన్న మాట వల్లే అని అప్పుడు బరువుగా తోచింది.

మూడోవాడికి ఏమయిందని అడిగాను.

పిస్టన్‌ని పట్టుకునే రాడ్డు వంగి ఉంటుందండీ అన్నాడు. పిస్టన్ గాలిని నొక్కితే గాలి నొక్కుకుంటుంది. నీళ్ళని నొక్కితే నీళ్ళు నొక్కుకోవు, రాడ్డే వంగుతుంది. ఇంజను గాలితోపాటు నీళ్ళు మింగితే ఇలా అవుతుంది. ఒక్క గుక్క చాలు.

"ఈ బండి నీళ్ళ మొహం చూడలేదు" అన్నాను. "వరదకి ముందే మెట్టకి పోయింది."

"చూసిందని నేననడం లేదండి. ఆ నల్ల పెట్టె మూత మీరే తీయండి. గాలి లోపలికి పోయేది దాంట్లోంచే."

మూత కొక్కేలు తీశాను. లోపల ఫిల్టర్ కాగితం తడిసి ఎండిన పుస్తకంలా ముడతలు పడి ఉంది. దాన్ని ఎత్తితే పెట్టె అడుగున మట్టి పొర, పగుళ్ళిచ్చి ఉంది. వేలితో గీరి నలిపాను. జంగారెడ్డిగూడెం మట్టి ఎర్రగా, గరుగ్గా ఉంటుంది. ఇది నల్లగా, మెత్తగా, వెన్నలా ఉంది. వాసన చూశాను. దానిలో పీచులాంటి వేర్లు అంటుకుని ఉన్నాయి. గుర్రపుడెక్క వేర్లు. నేను పుట్టినప్పటినుంచీ కాళ్ళకి అంటుకున్న మట్టి అది. నన్నెవరూ మోసం చెయ్యలేరు.

ఇంజనాయిలు పుల్ల కూడా తీసి చూడమన్నాడు. తీశాను. ఆయిలు తేనె రంగులో కొత్తగా ఉంది. నేను ఆయిలు మార్చి చాలా కాలమయింది. నల్లగా ఉండాలి.

నీళ్ళు కలిసిన ఆయిలు మజ్జిగలా తెల్లబడుతుందని నాకూ తెలుసు. ఎవరో అది పారబోసి కొత్తది పోశారు. గాలి పెట్టె మాత్రం మరిచిపోయారు.

సైఫుల్లా ఆ మట్టి చూశాడు. నా వంక చూశాడు. యోసేపు చెప్పిన కారు లైట్ల సంగతి ఏలూరు దాకా అందరికీ తెలుసు. అతని మొహంలో గెలిచిన కళ లేదు.

"జోగారావు గారూ, పెట్రోలుది తప్పు కాదని రేపు చెప్పండి. మూడో వైరు పీకి చూపించండి, అది చాలు" అన్నాడు మెల్లగా. "ఆ మట్టి ఎక్కడిదో నేను మిమ్మల్ని అడగను. మీరూ నాకు చెప్పకండి."

మూత పెట్టేసి వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. అరుగు మీద నిత్యానందం ఉన్నాడు. రేపటి సంగతి మాట్లాడటానికి వచ్చానన్నాడు. ఆఫీసరు ముందు ఎలా నిలబడాలో, ఏమనాలో చాలా చెప్పాడు. మా ఆవిడ వెంకటనరసమ్మ ఇద్దరికీ కంచాలు పెట్టింది. చరణ్‌తేజ ఏడని అడిగితే చెరువు మీద ఉన్నాడంది.

నేను అన్నం కలుపుతూ నిత్యానందాన్ని అడిగాను. ఆ రోజు బండి ఏ తోవన తీసుకెళ్ళావని. కామవరపుకోట మీదుగా అన్నాడు. నీళ్ళు తీసేదాకా అక్కడే ఉందా అన్నాను. మామగారి కొట్టాంలోనే ఉంది, తాళం కూడా తియ్యలేదన్నాడు. ఆయిలు ఎందుకు మార్చావన్నాను. అతను పప్పు గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు. మీ బండి కదా అని మార్చాను బావగారూ, అది కూడా తప్పేనా అన్నాడు. నవ్వాడు కూడా.

"గాలి పెట్టెలో కొల్లేరు ఉంది" అన్నాను.

అతని చెయ్యి కంచంలో ఆగింది. వంటింటి గుమ్మంలో మా ఆవిడ మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. ఆమె నా వంక చూడలేదు. తమ్ముడి వంక చూసింది. ఆ చూపు ఇప్పుడు కొత్తగా విన్న మనిషి చూపు కాదు.

నిత్యానందం కంచం ముందుకి తోసేశాడు.

"ఆ రాత్రి బండి నేను తోలలేదు బావగారూ. నేను జంగారెడ్డిగూడెంలో పడుకునే ఉన్నాను. తాళం ఇచ్చాను, అంతే. ఎవరికిచ్చానో అడక్కండి. అడిగితే రేపు మీరు బంకు దగ్గరికి వెళ్ళలేరు."

అడగలేదు. మా ఇంట్లో ఆ కారు తోలడం వచ్చినవాళ్ళం ముగ్గురమే. ఇద్దరం అక్కడ కంచాల ముందు ఉన్నాం.

"ఏవండీ" అంది వెంకటనరసమ్మ. "ఆ సాయిబుల కుర్రాడికి బెయిలొస్తుందంట. మహా అయితే ఉద్యోగం పోతుంది. ఇంకోటి దొరుకుతుంది. మన వాడికి..." అని ఆగిపోయింది. మజ్జిగ పోసి లోపలికి వెళ్ళిపోయింది.

ఈ ఇంట్లో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణేనన్న మాట. వరద తీసిన దగ్గరనుంచీ వీళ్ళు నా ముందు అన్నం తింటున్నారు, నేను టీ కొట్టు దగ్గర పరాయి కుర్రాడి మీద నింద వేస్తుంటే వింటున్నారు. ఒకరూ వద్దనలేదు. వద్దనకపోవడమే వీళ్ళకి కావలసింది. బండి చప్పుడుకి ఒక పేరు దొరికింది, ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే. అన్నం సగంలో వదిలేసి లేచాను.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి వాకిట్లో నీళ్ళ చప్పుడు వినపడింది. బయటికి వస్తే బానెట్ ఎత్తి ఉంది. చరణ్‌తేజ లుంగీ ఎగ్గట్టి, పైపు పెట్టి కడుగుతున్నాడు. గాలి పెట్టె విప్పి అరుగు మీద బోర్లించాడు. తళతళలాడుతోంది. ఫిల్టర్ కనపడలేదు. మట్టి నీళ్ళు నల్లగా వాకిలి దాటి కాలవలోకి పోతున్నాయి.

"దుమ్ముగా ఉంది నాన్నగారూ, కడుగుతున్నాను" అన్నాడు. నా కళ్ళలోకి చూడలేదు. రాత్రి ఎప్పుడు వచ్చాడో తెలియదు. కళ్ళ కింద నల్లగా ఉంది.

నేను పైపు కట్టేశాను. పెట్టె తెచ్చి బిగించాను. వాడు కూడా ఒక పక్క పట్టుకున్నాడు. బిగించాక "ఎక్కు" అన్నాను. ఎక్కడికని అడగలేదు. లుంగీ మీద చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. వెంకటనరసమ్మ గేటు దాకా వచ్చింది. నన్ను పిలిచిందో, వాణ్ణి పిలిచిందో, ఆ టక్ టక్‌లో సరిగ్గా వినపడలేదు.

బంకు దగ్గర జీపు ఆగి ఉంది. పేటవాళ్ళంతా వచ్చారు. అర్షద్ ఆఫీసరు పక్కన నిలబడి ఉన్నాడు. సైఫుల్లా ఎడంగా, జనం వెనక ఉన్నాడు. నేను బండి ఆపకుండా స్టార్టులోనే ఉంచి దిగాను. బానెట్ ఎత్తి, ఆఫీసరుని దగ్గరికి రమ్మని, వైర్లు ఒక్కొక్కటే పీకి చూపించాను. మూడోది ఆయన చేతే పీకించాను. పెట్రోలుది తప్పయితే నాలుగూ కొట్టుకోవాలి, ఇది ఒక్కదానికే రాడ్డు వంగింది, టీ కొట్టు దగ్గర నేనన్నది తప్పు అని అందరికీ వినపడేలా చెప్పాను. అంత గట్టిగా నేను మాట్లాడటం ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు.

ఆఫీసరు తన సీసాలో పెట్రోలు పట్టుకుని, పరీక్షకి పంపుతానని, దానికి ముందు ఎవరినీ పట్టుకుపోయేది లేదని చెప్పాడు. అర్షద్ మెట్టు మీద కూలబడ్డాడు. తండ్రి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. జనం గొణుక్కుంటూ కదలబోయారు. అక్కడితో అయిపోవాలి. సైఫుల్లా కోరిందీ అంతే.

యోసేపు కదలలేదు. బానెట్ కింద ఇంజను వైపు చూస్తూ నిలబడ్డాడు. తరవాత నా దగ్గరికి వచ్చాడు.

"రాడ్డు ఎందుకు వంగిందండీ?" అని అడిగాడు.

ఎవరికీ వినపడకుండా, మామూలుగా అడిగాడు. తెలియదు అంటే సరిపోతుంది. నేను ఎక్కువ మాట్లాడను కదా, ఎవరూ రెండోసారి అడగరు.

నేను బండి చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళాను. నా కొడుకు కూర్చున్న వైపు తలుపు తెరిచి పట్టుకున్నాను.